తంగేడూ తంగేడు కానివీ

భాద్రపదం వెళ్లిపోతున్న రోజుల్లో సూర్యాపేట నుంచి కోదాడ దాకా రోడ్డుకు రెండు వైపులా కనిపించే పసుపు ఒక్క పువ్వుది కాదు. బస్సు కిటికీలోంచి ఒకటే అనిపిస్తుంది. దిగి నడిస్తే లెక్క మారుతుంది. ఉండ్రుగొండ గుట్టల వైపు, రాళ్ల నేలలో, నడుమెత్తు పొదగా పెరిగి కొమ్మ కొసన గుత్తి పెట్టేది తంగేడు. ఊరి దిబ్బ మీద, పాత గోడ వారన, ఆకు నలిపితే కంపు కొట్టేది కసింద. బీట్లో మోకాలెత్తున పెరిగి, ఆకు మొదట్లో జంటగా రెండేసి పూలు పూసేది తగిరిస. తంటెపు చెట్టని కూడా అంటారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు నీడకని నాటిన పెద్ద చెట్టు, నెత్తిన పసుపు గుత్తులు నిలబెట్టుకున్నది, సీమ తంగేడు. ఎండాకాలమైతే రేల కూడా ఈ వరసలో నిలబడేది. ఈ నెలకు దాని పూల గెలలు రాలిపోయి గొట్టాల్లాంటి కాయలు మాత్రం మిగిలి ఉంటాయి.

ఇవన్నీ ఒక్క ఇంటివే. 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ వీటిలో సీమ తంగేడు తప్ప మిగతా అన్నిటికీ కాసియా అని ఒకే ఇంటిపేరు పెట్టాడు. తెలుగు మాత్రం ఒక్కో మొక్కకు ఒక్కో పేరు పెట్టి, రెండు చోట్ల మాత్రం ఇంటిపేరు కలిపింది. ఎక్కడ విడదీసింది, ఎక్కడ కలిపింది, ఎందుకు అన్నదే ఈ వ్యాసం.

వీటిని పోల్చుకోవాలంటే పువ్వును నమ్ముకోకూడదు. అన్నిటికీ అయిదు పసుపు రేకులే. అన్నిట్లోనూ కేసరాలు చిన్నవీ పెద్దవీ కలిసి, పట్టు తప్పినట్టు వంకరగానే ఉంటాయి. తంగేడు, కసింద, తగిరిస పూలల్లో తేనె ఉండదు. పుప్పొడి తిత్తులకు కొసన సూది బెజ్జం లాంటి రంధ్రం మాత్రం ఉంటుంది. తుమ్మెద వచ్చి పట్టుకొని ఒళ్లంతా అదిరేలా మోగితేనే పుప్పొడి రాలుతుంది. తంగేడు పొద దగ్గర నిలబడితే వినిపించే ఆ జుమ్మనే మోత ఎగిరే రెక్కలది కాదు, పువ్వును దులిపే ఒంటి కండరాలది.

కాబట్టి ఆకు చూడాలి. ఆకు ఈనె మీద చీమలకు తేనె పెట్టే చిన్న బొడిపె ఎక్కడుందో చూడాలి. తంగేడుకు ప్రతి ఆకుజంట నడుమా ఒకటి నిలబడి ఉంటుంది. కసిందకు కాడ మొదట్లో ఒక్కటే, నల్లగా. తగిరిసకు కింది రెండు జంటల దగ్గరే. సీమ తంగేడుకూ రేలకూ అసలే లేదు. ఆకుజంటల లెక్క కూడా పనికొస్తుంది. తగిరిసకు మూడే జంటలు, కొస గుండ్రం. కసిందకు నాలుగైదు, కొస వాడి. తంగేడుకు చిన్న చిన్నవి ఎనిమిది నుంచి పన్నెండు జంటల దాకా. కాయ పట్టుకుంటే ఇక సందేహం ఉండదు. తంగేడు కాయ పల్చని బద్ద, తగిరిస కాయ సన్నగా కొడవలిలా వంగినది, రేల కాయ మూరెడు నల్ల గొట్టం.

తంగేడుకు ఇంకో గుర్తుంది. ఆకుకాడ కొమ్మకు అతికిన చోట రెండు వెడల్పాటి పత్రపుచ్ఛాలు చెవి తమ్మెల్లా నిలబడి ఉంటాయి. మిగతా వాటికి అంత పెద్దవి లేవు. లిన్నేయస్ కన్ను అక్కడ ఆగింది. ఆరిక్యులాటా అన్నాడు, చెవులున్నది అని అర్థం. పేరు పెట్టేవాడి కన్ను ఎక్కడ ఆగితే పేరు అక్కడ పడుతుంది. హిమాలయాల నుంచి అమెరికా కొండల దాకా చల్లని నేలల్లో కొలంబైన్ అనే అడవి పువ్వు ఒకటి పూస్తుంది. దాని వెనక అయిదు వంకర కొమ్ములుంటాయి. ఇంగ్లీషు పేరు పెట్టినవాళ్లకు అవి తలలు కలిపి కూర్చున్న పావురాలు. ఆక్విలీజియా అన్న లాటిన్ పేరులో గద్ద ఉందని ఎక్కువమంది చెప్పే వ్యుత్పత్తి. అవే కొమ్ములు ఒకరికి పావురం, ఇంకొకరికి గద్ద గోరు. మరి మనవాళ్ల కన్ను తంగేడులో ఎక్కడ ఆగింది?

బంగారం మీద ఆగిందని చాలామంది అంటారు. తంగం అంటే బంగారం, అందులోంచే తంగేడు వచ్చిందని. వినడానికి బాగానే ఉంది, ఒప్పుకోవడమే కష్టం. తంగం తమిళుల మాట. ఆ మాటను ఇంటింటా వాడే తమిళులు ఈ పువ్వును ఆవిరై అన్నారు, ఇప్పుడు ఆవారం అంటున్నారు. బంగారం పోలిక వాళ్లకు తట్టక కాదు. సంగం కవులు ఈ పువ్వును బంగారంతోనే పోల్చారు. అక్కడ వాడిన మాట పొన్. పొన్నావిరై అనే పేరు కూడా తమిళంలో ఉంది, కానీ అది తంగేడుది కాదు, కసింద వైపు చుట్టాలది. ఇక తెలుగువాళ్లకు బంగారం చెప్పడానికి పైడి ఉంది, పసిడి ఉంది, పొన్ను ఉంది. ఇన్ని పెట్టుకొని, పక్కింటి నుంచి తంగం అరువు తెచ్చి, ఆ పక్కింటివాళ్లే అలా పిలవని పువ్వుకు పెట్టుకున్నారనడం కుదరదు. రంగు చూసి పుట్టించిన వ్యుత్పత్తి ఇది.

పోలిక మనకు ఇంకో చోట కూడా వల వేస్తుంది. కోదాడ నుంచి మిర్యాలగూడ వెళ్లే దారిలో, హుజూర్‌నగర్ దాటాక, నేరేడుచర్ల వస్తుంది. నేరేడు, మారేడు, తంగేడు: మూడూ మొక్కల పేర్లే, మూడింటి తోకా ఒకటే. విభక్తి చేరితే మార్పూ ఒకటే, నేరేటి పండు, తంగేటి పువ్వు. ఏడు అంటే చెట్టు అనే పాత మాట ఒకటి ఉండేదేమో, దాని ముందు నేర్, మార్, తంగ్ అని చేరాయేమో అనిపిస్తుంది. పక్కనున్న కన్నడాన్ని అడిగితే ఆ ఆశ చల్లబడుతుంది. నేరేడును వాళ్లు నేరళె అంటారు, తంగేడును తంగడి అంటారు. ఒకచోట ళె, ఒకచోట డి. తెలుగులో ఒకే అచ్చులో పోసినట్టున్న తోకలు అక్కడ రెండు వేరు తోకలు. నేరళెలోని ళకారం తెలుగులో డకారమైంది, తంగడిలోది మొదటి నుంచీ డకారమే. రెండు దారులు వచ్చి తెలుగులో ఒక్క చోట కలిశాయి. మాటల్లో కూడా పోలిక వేరు, చుట్టరికం వేరు. బీట్లో నిలబడి పసుపు పూలను చూసేటప్పుడు పడే ఇబ్బందే నిఘంటువులోనూ పడాలి.

కన్నడానికి తంగడితో పాటు ఆవరికె అనే పేరు కూడా ఉంది. అంటే కన్నడం తెలుగుతో ఒక చేయి, తమిళంతో ఒక చేయి కలిపింది. మలయాళం తమిళం వైపే. కనుక తంగేడు అన్నది దక్కను పీఠభూమి మాట, ఆవిరై దక్షిణపు మాట అని స్థూలంగా గీత గీయవచ్చు. ఆ గీతకు ఉత్తరాన ఊళ్ల పేర్లలోనూ ఈ మాట వినిపిస్తుంది. సిరిసిల్ల దగ్గర తంగళ్లపల్లి, చౌటుప్పల్ దగ్గర తంగడపల్లి ఉన్నాయి. మట్టపల్లి నరసింహస్వామి గుడి ముందు నిలబడి కృష్ణ అవతలికి చూస్తే పల్నాడు వైపు ఉన్నది తంగెడ, పాత కోట ఉన్న ఊరు.

తమిళుల ఆవిరై గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. సంగం కవిత్వంలో ప్రేమ ఫలించని యువకుడు తాటిమట్టలతో చేసిన గుర్రమెక్కి ఊరి వీధిలో నలుగురూ నవ్వేలా ఊరేగుతాడు. అప్పుడు మెడలో వేసుకునేది ఆవిరై దండ. ఎవరూ కొప్పులో పెట్టుకోని బీటి పువ్వు గనుక అది ఆ అవమానానికి తగిన పువ్వు. ఈనాటి తమిళ పల్లెలో మాత్రం పొంగల్ ముందు రోజున ఇంటి చూరుకు ఆవారం పూలూ, వేపాకూ, పూళై అనే తెల్లని కంకీ కలిపి కాపు కడతారు. ఆవారం పూచి ఉండగా చచ్చినవాణ్ని చూశామా అన్న అర్థంలో వాళ్లకొక సామెత కూడా ఉంది. బతుకమ్మ పేర్చే నేల మీద నిలబడి ఆ సామెత వింటే ఒళ్లు జలదరిస్తుంది. అంతకంటే వింత ఇంకొకటుంది. పూళై అంటే మన కొండపిండి. అది తోటకూర కుటుంబం మొక్క. బతుకమ్మలో తంగేడుకు జోడీ అయిన గునుగు కూడా తోటకూర కుటుంబమే. ఒక పసుపు చిక్కుడు జాతి పువ్వూ, ఒక తెల్లని తోటకూర జాతి కంకీ: అక్కడా ఇదే జంట, ఇక్కడా ఇదే జంట. రెండు పండుగలకూ నెలలు వేరు, దేవతలు వేరు, పేర్లలో ఒక్క అక్షరమూ కలవదు. ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని నేననను. వానల తర్వాత చెలకల్లో ఉచితంగా దొరికే పసుపూ తెలుపూ ఇవే గదా.

ఇప్పుడు చుట్టాల సంగతి. తగిరిసను తమిళులు తకరై అంటారు, మలయాళులు తకర అంటారు, కన్నడిగులు తగచె అంటారు. నాలుగు భాషల్లోనూ ఒకటే మొదలు, చాలా పాతది. తంగేడు పేరు విషయంలో రెండుగా చీలిన అక్కచెల్లెళ్లు దీని దగ్గర ఏకమయ్యారు. తగ అనే మొదలు చూసి తంగేడుకు కూడా దాంతో ముడి వేద్దామనిపిస్తుంది, నడుమ ఒక సున్న వచ్చిందంతే గదా అని. కానీ నాలుగు భాషలవాళ్లూ ఈ పొదనూ ఈ గుల్మాన్నీ వేర్వేరు పేర్లతోనే పిలిచారు. తగిరిసను చిన్న తంగేడనీ, తంగేడును పెద్ద తగిరిసనీ అనలేదు. లేత ఆకు తొలకరిలో కూర వండుకునేది తగిరిస. తంగేడు మామూలుగా కూరాకు కాదు. పొయ్యి దగ్గర వేరైనవాటికి పేరు దగ్గర పొత్తు కుదరలేదు.

ఆ మాటకొస్తే తగిరిసలోనే రెండు జాతులున్నాయి. ఒకదానికి ఆకు ఈనె మీద బొడిపెలు రెండు జంటల దగ్గర, రెండోదానికి అన్నిటికంటే కింది జంట దగ్గర మాత్రమే. కాయ కాడలు కూడా కొంచెం తేడా. శాస్త్రంలో వాటికి టోరా, ఆబ్ట్యూసిఫోలియా అని రెండు పేర్లు. తెలుగు అంతదాకా పోలేదు. కూరగా రెండూ ఒకటే, ఇంక రెండో పేరు ఎవరికి కావాలి?

కసింద దగ్గర కథ వేరు. కసివింద, కసింద అన్నవి సంస్కృతపు కాసమర్దం అరిగి వచ్చిన రూపాలు. కాస అంటే దగ్గు, దగ్గును నలిపేది అని. తగిరిసకు సంస్కృతంలో చక్రమర్దం అని పేరు. ఇక్కడ చక్రం అంటే చర్మం మీద గుండ్రంగా పాకే తామర. ఒకటి దగ్గు మందు, ఒకటి తామర మందు. వైద్యుడు పెట్టిన పేర్లు ఇవి, ఆకు ఆకారంతో ఆయనకు పనిలేదు. అయితే ఒక చిక్కుంది. ఇప్పుడు మన దిబ్బల మీద పెరిగే కసింద అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చిన మొక్క అని వృక్షశాస్త్రజ్ఞులు తేల్చారు. దాని శాస్త్రనామం ఆక్సిడెంటాలిస్ అంటేనే పడమటిది అని. కాసమర్దం మాట చూస్తే ఆయుర్వేద సంహితల నాటిది. మొక్క సముద్రం దాటి రాకముందే పేరు ఇక్కడ ఉంది. అంటే ఆ పేరు ముందు మరో జ్ఞాతిది అయి ఉండాలి. కొత్తది వచ్చి పాతదాన్ని పోలి ఉండేసరికి పేరు జారి దీని మీద పడింది. మొక్క కొత్తగా పాకినా పేరు మాత్రం వెయ్యేళ్ల నాటిదన్నట్టు నిలబడుతుంది. పేరు పాతది గనుక మొక్కా పాతదే అనుకునేవాళ్లకు కసింద మంచి జవాబు.

ఈ పేర్ల విభజన వట్టి పాండిత్యం కాదు. కసింద గింజ విషం. వేయించి పొడి చేసి కాఫీ గింజకు బదులు వాడిన దేశాలున్నాయి గానీ, పచ్చిగా తిన్న పసిపిల్లలకు కాలేయం, కండరం, మెదడు మూడూ దెబ్బతింటాయి. 2016లో ఒడిశా మల్కన్‌గిరి జిల్లాలో పిల్లలు వరసగా చనిపోయినప్పుడు, మొదట మెదడువాపు అనుకున్న మరణాల్లో చాలా వాటికి కారణం బన చకుండ గింజల్లోని విషమని ప్రభుత్వం వేసిన నిపుణుల కమిటీ చెప్పింది. ఒడియాలో చకుండ అంటే తగిరిస, మన చక్రమర్దమే. బన అంటే అడవి. కూర వండుకునే మొక్క పేరుకే అడవి అని చేర్చి, విషపు మొక్కకు పెట్టారు. తెలుగు ఈ రెండింటికీ పొంతన లేని రెండు పేర్లు ఉంచింది, తగిరిస అనీ కసింద అనీ. తినేదీ తినకూడనిదీ పక్కపక్కన మొలిచే చోట పేర్లు దూరంగా ఉండటమే మంచిది.

ఇక తెలుగు కలిపిన చోట్లు. నేల తంగేడు అంటే సునాముఖి, పచారీ కొట్లో విరేచనానికి అమ్మే ఎండుటాకు. తమిళంలో దాని పేరు నిలావరై, అంటే నిల ఆవిరై. కన్నడంలో నెలావరికె. ముందు మాట మూడు భాషల్లోనూ నేలే. వెనక మాట ఎవరి తంగేడు వాళ్లది. తంగేడు అన్న పేరు కలవని భాషలు తంగేడును పోల్చే పద్ధతిలో మాత్రం కలిశాయి. తంగేడులాంటి ఆకు, కానీ నేలకు దగ్గరగా పెరిగేది అని ముగ్గురూ ఒకే చూపు చూశారు. ఆ చూపు నిజమేనని వ్యాపారులు కూడా ఒప్పుకున్నారు, వాళ్ల పద్ధతిలో. ఎగుమతి సునాముఖిలో తంగేడు ఆకు కలిపేవారు. మందుల పరీక్షల పుస్తకాల్లో దానికి పాల్తే సెన్నా అని ఒక పేరే ఉంది. గాఢ గంధకామ్లం చుక్క వేస్తే తంగేడు ఆకు ముదురెరుపు తిరిగి దొరికిపోతుంది. కలిపి పిలిస్తే ఆ కలపటంలో ఎంత నిజముందో కల్తీ చేసేవాడికే ముందు తెలుస్తుందన్నమాట.

సునాముఖి అన్న పేరు చూస్తే సంస్కృతంలా ఉంటుంది, ఏదో ముఖం గల ఆకు అన్నట్టు. అసలది అరబ్బీ. సనా అంటే ఆ మొక్క, మక్కీ అంటే మక్కా నుంచి వచ్చినది. సనా మక్కీ మన కొట్ల దాకా వచ్చేసరికి మక్కీ కాస్తా ముఖి అయింది. తెలియని మాటలో తెలిసిన మాటను వినడం చెవికి అలవాటు. ఉత్తరాదివాళ్లు అందులో సోనా కూడా విని సోనాముఖి చేశారు, బంగారం అక్కడా దూరింది. అదే సనాను యూరపువాళ్లు సెన్నా అన్నారు. ఇక్కడే నాకు ఇష్టమైన మలుపుంది. సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలు పెంచి, సర్కారు జిల్లాల తెలుగు పేర్లతో సహా రాసుకున్న విలియం రాక్స్‌బర్గ్, లిన్నేయస్ కాసియాను కాదని తంగేడును సెన్నా కింద రాశాడు. ఆయన పోయాక 1832లో అచ్చయిన ఫ్లోరా ఇండికాలో అది ఉంది. శాస్త్రలోకం చాలాకాలం దాన్ని పట్టించుకోక కాసియా అనే అంటూ వచ్చింది. 1982లో న్యూయార్క్ వృక్షోద్యానానికి చెందిన హోవర్డ్ ఇర్విన్, రూపర్ట్ బార్నెబీ కలిసి కాసియా కుటుంబాన్ని విప్పి, కేసరాల కాడలు పొడుగ్గా ఎస్ ఆకారంలో వంగినవాటినే కాసియాలో ఉంచారు. రేల అందులో మిగిలింది. తంగేడు, కసింద, తగిరిస, సీమ తంగేడు, సునాముఖి అన్నీ సెన్నాకు పోయాయి. ఇప్పుడు తంగేడు శాస్త్రనామం సెన్నా ఆరిక్యులాటా, ఆ పేరు పక్కన రాక్స్‌బర్గ్ పేరు. శాస్త్రం సునాముఖిని ఇంటిపెద్దను చేసి తంగేడును చెవులున్న సునాముఖి అంటోంది. మన భాషలు తంగేడును పెద్దను చేసి సునాముఖిని నేల తంగేడు అన్నాయి. ఇద్దరూ కలిపినది ఒక్క జంటనే. ఎవరు ఎవరింటికి వచ్చారన్నదే తేడా.

కాసియా అన్న పేరు కూడా వీటిది కాదు, ఆ ముక్కా చెప్పాలి. గ్రీకుల కాసియా దాల్చినచెక్క లాంటి సువాసన పట్ట. వాళ్లకు అది సెమిటిక్ భాషల నుంచి వచ్చింది. గొట్టంలా చుట్టుకున్న ఆ పట్టను కాసియా ఫిస్టులా అనేవారు. ఫిస్టులా అంటే గొట్టం. తర్వాత రేల కాయ గొట్టంగా ఉందని ఆ పేరు దానికి తగిలించారు. పట్టకు పెట్టిన పేరు కాయకు జారింది, కాయ నుంచి చెట్టుకు, చెట్టు నుంచి కుటుంబానికి. కసింద పేరు జారినట్టే.

సీమ తంగేడు కథ చిన్నది. సీమ అంటే మనకు కానిది, బయట నుంచి వచ్చింది. సీమచింత కూడా అలాగే. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఆ చెట్టు శాస్త్రనామం సయామియా, సయాం దేశానిది అని. సీమ, సయామియా: చెవికి ఎంత దగ్గర! చుట్టరికం మాత్రం లేదు. ఎవరైనా సయాం మాటే సీమ అయిందని రాస్తే ఆశ్చర్యపోను.

ఇంతకీ తెలుగు తంగేడును దేని చేత గుర్తుపట్టింది? రంగు చేత కాదనుకున్నాం. చెట్టుగా దాని విలువ పట్టలో ఉంది. తంగేటి చెక్కలో దాదాపు 18 శాతం టానిన్ ఉంటుంది. ఇంగ్లీషువాళ్లు దీన్ని తోళ్లు ఊనేవాళ్ల కాసియా అన్నారు. ఊరవతల మాదిగవాడలోని లందలో సున్నపు నీళ్లు తాగి వెంట్రుక ఊడిన తోలు, ఆ తర్వాత తంగేటి చెక్క నీళ్లలో రోజుల తరబడి నానేది. తోలును సంచిలా కుట్టి, లోపల దంచిన చెక్క నింపి, నీళ్లు పోసి వేలాడదీసే పద్ధతి కూడా ఉండేది. చెప్పూ, మోట బొక్కెన తొండమూ, ఎడ్ల పట్టెడా ఆ చెక్క రసం తాగినవే. మద్రాసు తోళ్ల ఎగుమతి ఒకప్పుడు చాలావరకు ఈ పట్ట మీదే నడిచింది. దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ పట్ట వచ్చి దాన్ని పక్కకు నెట్టింది. ఊళ్లో లంద ఆరిపోయాక తంగేటి చెక్క అనే మాట వాడే అవసరమూ తగ్గిపోయింది. 2014లో తెలంగాణ ప్రభుత్వం తంగేడును రాష్ట్ర పుష్పం చేసింది. పువ్వుకు దక్కిన గౌరవం సంతోషమే. కానీ ఆ ప్రకటనల్లో, పాఠాల్లో, గోడ బొమ్మల్లో తంగేడు పువ్వే ఉంది, చెక్క లేదు. ఈ మాటను వందల ఏళ్లు రోజూ నోట నానబెట్టినవాళ్లు పూలు కోసినవాళ్ల కంటే ఎక్కువగా పట్ట ఒలిచినవాళ్లే.

పట్ట ఒక్కటే కాదు. పొద్దున్నే పండ్లపుల్లగా విరిచింది తంగేడు కొమ్మనే. నాటు ముందు పొలంలో తొక్కిన పచ్చిరొట్టలో తంగేడు మండలు ఉండేవి. చెలకలో మొలిచినది తరిలో ఎరువైంది. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ చుట్టూ చెలకలు తరి అయ్యాయి, మిర్యాలగూడ బియ్యం మిల్లుల ఊరైంది. తంగేడుకు తడి నేల నచ్చదు. అది గుట్టకు, కాలువ కట్ట పైకి, రోడ్డు వారకు జరిగింది. ఎంగిలిపూల బతుకమ్మ ముందు రోజు మిర్యాలగూడ బజార్లో కట్టలు కట్టి అమ్మే తంగేడు ఎక్కడో నీళ్లు అందని వైపు నుంచి కోసుకొచ్చినదే. అదే మెట్ట మిగిలిన సూర్యాపేట వైపు పల్లెల్లో గంప పట్టుకొని పోయి కోసుకురావడం ఇంకా ఉంది. కొనే ఊళ్లో మాటలూ మారతాయి. కట్ట ఎంత, తాజాదేనా అంటారు. కోసుకునే ఊళ్లో అది కసింద, దాన్ని ముట్టకు అని పిల్లలకు చెప్పే గొంతు వినిపిస్తుంది. కొన్నవాళ్లకు తంగేడును కసింద నుంచి విడదీసే పని పడదు, అది అమ్మినామె చేసే ఉంటుంది.

బతుకమ్మ తాంబాలంలో తంగేడు పక్కన చేరే గునుగును కూడా చూడాలి, ఎందుకంటే అక్కడ లెక్క తిరగబడుతుంది. గునుగు జొన్నచేలల్లో, పత్తిచేలల్లో కలుపు. వెండి కుచ్చులా కొస కొంచెం గులాబీ రంగుతో నిలబడుతుంది. కోసి, కొసలు కత్తిరించి, ఎరుపూ ఆకుపచ్చా నీలం రంగుల్లో ముంచి పేరుస్తారు. సీతజడ పువ్వు పెరట్లో పెంచుకునేది, మఖమల్ ముడతలు పడ్డ ముదురెరుపు జుట్టు. ఒకటి కలుపు, ఒకటి తోటపువ్వు. ఒకటి కంకి, ఒకటి జుట్టు. లిన్నేయస్ కూడా 1753లో రెండింటినీ వేర్వేరు జాతులుగానే రాశాడు, సిలోసియా అర్జెంటియా అనీ, సిలోసియా క్రిస్టాటా అనీ. ఇప్పటి వృక్షశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది రెండూ ఒకే జాతి అంటున్నారు, సీతజడ మనుషులు ఎంచి పెంచుకుంటూ వచ్చిన రూపమని. ఒకేలా ఉన్న తంగేడు, కసింద, తగిరిస వేర్వేరు జాతులైతే, బొత్తిగా పోలిక లేని గునుగు, సీతజడ ఒక్క జాతి. బతుకమ్మ పేర్చే ఆడవాళ్లకు ఈ విషయం చెబితే వింటారు గానీ, గునుగును వరసలకు, సీతజడను పైకొసకు పెట్టడం మానరు.